నలుగురి చేతి కళ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

సామాజిక, పర్యావరణ సమస్యల మీద కళాకారులు స్థానికులతో కలిసి చేసే సమకాలీన కళ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలిస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను ఒక్క ప్రశ్నగా కలిపాము.

ప్రశ్న: నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. చెట్లు నాటించడం, చేతిపంపు చుట్టూ గట్టు కట్టడం వంటి పనులను మాకు సమకాలీన కళగా పాఠం చెబుతున్నారు. అవి మంచి పనులే, కాదనను. కానీ సమాజసేవ అంటే సరిపోయేదానికి కళ అనే పేరెందుకు? — ఒక విద్యార్థిని, విజయవాడ

ఈ రంగాన్ని దగ్గరగా చూసిన విమర్శకులు కూడా మీ సందేహం మీదే చాలాకాలంగా వాదించుకుంటున్నారు. అమెరికా విమర్శకుడు గ్రాంట్ కెస్టర్ దృష్టిలో, కళాకారులకూ స్థానికులకూ మధ్య నెలలు, ఏళ్ల తరబడి సాగే సంభాషణే ఇటువంటి కృతికి అసలు రూపం. బ్రిటన్‌కు చెందిన క్లెయిర్ బిషప్ 2006లో ప్రచురించిన వ్యాసంలో దీనికి అభ్యంతరం చెప్పారు: ఉద్దేశం మంచిదైతే చాలునని మెచ్చుకుంటూ పోతే, కళగా అది ఎంత బలమైనదో తూచే పనిని మనం వదిలేసినట్టేనని ఆమె వాదన. బిషప్ అడిగిన ప్రశ్నకు నిలబడగలిగిన కృతులు కొన్ని ఉన్నాయి కాబట్టే ఈ కళను నేను నమ్ముతున్నాను. వాటిలో ఒకదాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

జర్మనీలోని కాసెల్ నగరంలో డాక్యుమెంటా అనే సమకాలీన కళా ప్రదర్శన కొన్నేళ్లకొకసారి జరుగుతుంది. 1982 నాటి ఏడవ డాక్యుమెంటాకు జర్మన్ కళాకారుడు జోసెఫ్ బాయిస్, ఫ్రిడెరిషియానుమ్ మ్యూజియం ఎదుట ఉన్న మైదానంలో 7000 బసాల్ట్ రాతి స్తంభాలను కుప్పగా పోయించారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. నగరంలో ఎక్కడో ఒక చెట్టు నాటితేనే ఆ కుప్పలోంచి ఒక రాయి కదలాలి, కదిలిన రాయిని ఆ చెట్టు పక్కనే పాతాలి. ఒక చెట్టుకూ ఒక రాయికీ కలిపి 500 మార్కుల (అప్పటి జర్మనీ కరెన్సీ) విరాళం నిర్ణయించారు. చెట్లు ఎక్కడ నాటాలో వీధుల్లో ఉండేవాళ్లు, బడులు, స్థానిక సంఘాలు సూచించారు. డబ్బు చాలకపోతే బాయిస్ స్వయంగా పూనుకున్నారు. రష్యా చక్రవర్తి ఇవాన్ కిరీటానికి నకలుగా చేసిన బంగారు కిరీటాన్ని అందరూ చూస్తుండగా కరిగించి కుందేలు బొమ్మగా పోతపోశారు, ఒక జపాన్ విస్కీ ప్రకటనలో నటించారు, ఆ వచ్చిన సొమ్మును చెట్లకే పెట్టారు.

నగర పాలక సంస్థ తలచుకుంటే 7000 మొక్కలను ఏ హడావుడీ లేకుండా నాటేది, నీడ కూడా అంతే వచ్చేది. అయితే నగరం నడిబొడ్డున, రోజూ అందరి కంటా పడే చోట, ఎంత పని మిగిలి ఉందో చెప్పే రాళ్లగుట్ట ఉండేది కాదు. ఆ గుట్ట తరిగినంతకాలం నగరం మాట మీద నిలబడినట్టు, తరగడం ఆగితే తప్పినట్టు. వాహనాలు నిలుపుకునే చోటు పోయిందని కోప్పడినవాళ్లూ ఉన్నారు. ఆ తగాదా కూడా కృతిలో భాగమే అయింది. ఇక చెట్టునూ రాయినీ జంటగా చూడండి. నాటిన రోజున నాలుగడుగుల రాయి పక్కన సన్నటి మొక్క బలహీనంగా కనబడుతుంది. రాయి పెరగదు, మొక్క పెరుగుతుంది, కొన్నేళ్లకు రాయి చెట్టు మొదట్లో చిన్న గుర్తులా మిగులుతుంది. కాలాన్ని ఇంత తేటగా కంటికి చూపించే శిల్పాలు చాలా తక్కువ. మీ ప్రశ్నకు నా జవాబు ఆ జంటలో ఉంది. బాయిస్ 1986 జనవరిలో మరణించారు. చివరి చెట్టును 1987 జూన్‌లో ఎనిమిదవ డాక్యుమెంటా ప్రారంభమైనప్పుడు ఆయన కుమారుడు నాటాడు. కర్త పోయిన తరువాత కూడా నగరం ఆ పనిని పూర్తి చేసిందన్న సంగతిని, ఆ కృతి నిజంగా ఉమ్మడిది అనడానికి సాక్ష్యంగా నేను భావిస్తాను.

ప్రశ్న: ‘ప్రజల భాగస్వామ్యంతో’ అన్న మాట ప్రతి ప్రదర్శన కరపత్రంలోనూ కనిపిస్తోంది. కళాకారుడు గీసిచ్చిన గీతల్లో ఊరివాళ్లు రంగులు నింపితే అది భాగస్వామ్యమేనా? — ఒక పాఠకుడు, కరీంనగర్

కాదనే నా అభిప్రాయం. రంగులు నింపినవాళ్లు పనిలో సాయపడ్డారు, ఆ సాయానికి విలువ ఉంది. కానీ ఏది గీయాలి, ఎక్కడ గీయాలి, అసలు గీయాలా వద్దా అన్న నిర్ణయాలు వాళ్ల చేతిలో లేనప్పుడు వాళ్లను భాగస్వాములనడం సరికాదు.

దీనికి మన పొరుగునే మంచి ఉదాహరణ ఉంది. భద్రాచలం మీదుగా కుంట, జగదల్‌పూర్ దాటి వెళితే ఛత్తీస్‌గఢ్‌లోని కొండగాం వస్తుంది. ముంబయిలో పేరు తెచ్చుకున్న కళాకారిణి నవజోత్ అల్తాఫ్ 1990ల చివర అక్కడికి వెళ్లి, రాజ్‌కుమార్ కొర్రాం, శాంతిబాయి, గెస్సూరాం విశ్వకర్మ వంటి స్థానిక కళాకారులతో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. ఒకసారి వచ్చి ప్రదర్శన పెట్టి వెళ్లిపోకుండా, ఏళ్ల తరబడి అక్కడికి వస్తూ పోతూ ఉండిపోయారు. ఆ కలయికలోంచి పుట్టినవే ‘నల్‌పార్’ అనే నీటి పంపుల ఆవరణలు, ‘పిల్లా గుడి’ అనే, పిల్లలు కూడే స్థలాలు.

ఊళ్లో చేతిపంపు దగ్గర ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. పంపు చుట్టూ ఒలికిన నీరు బురదై నిలుస్తుంది, దోమలు చేరతాయి. నిండిన బిందెను నేల మీది నుంచి నెత్తి మీదికి ఎత్తుకోవాలంటే ఆడవాళ్లు ముందు నడుము దాకా వంగాలి, తరువాత ఒక్క ఊపున లేపాలి, పక్కన చేయి అందించే మనిషి లేకపోతే ఆ బరువంతా నడుము మీదే పడుతుంది. ఆ కష్టం రోజూ పడేది ఆడవాళ్లు, ఆడపిల్లలు. కాబట్టి నమూనా తయారయ్యే ముందు కూర్చుని మాట్లాడుకున్నవాళ్లలో వాళ్లున్నారు. బిందెను మధ్యలో ఆనించి, ఊపిరి తీసుకుని, అక్కడి నుంచి నెత్తికెత్తుకోవడానికి వీలుగా గోడల్లో గూళ్లు, అరుగులు వచ్చాయి. ఒలికిన నీరు పారడానికి దారి ఏర్పడింది. గోడల మీద ఆ ప్రాంతపు ఆదివాసీ సంస్కృతిలోని గుర్తులు, ఆకారాలు వచ్చాయి. ఎక్కడో ఆఫీసులో కూర్చుని గీసిన ప్లానులో ఆ గూడు ఉండేది కాదు. బిందె ఎంత ఎత్తులో ఆగాలో రోజూ మోసే మనిషికే తెలుస్తుంది.

మరొక సంగతి కూడా గుర్తించాలి. ఆదివాసీ శిల్పి అనగానే ‘సంప్రదాయ హస్తకళ’ అనే గదిలోకి నెట్టి, నగరం నుంచి వచ్చినవారిని మాత్రం ‘సమకాలీన కళాకారులు’ అని పిలిచే అలవాటు మన దేశంలో బలంగా ఉంది. కొండగాంలో ఆ గీత చెరిగింది. అక్కడివారు కొత్త ఆకారాలను, కొత్త స్థలాలను ఆలోచించి కట్టిన సమకాలీన కళాకారులుగానే నిలబడ్డారు. పంపు దగ్గర సుఖంగా బిందె ఎత్తుకోవడం ఎంత ముఖ్యమో, ఇదీ అంతే ముఖ్యమని నేను అనుకుంటాను.

ప్రశ్న: ఇటువంటి కళ వల్ల నేలకు, నీటికి నిజంగా మేలు జరిగిన సందర్భం ఉందా? లేక చూసినవాళ్లు కాసేపు బాధపడి ఇంటికి వెళ్లడంతో సరా? — ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, అనంతపురం

మీ వృత్తికి దగ్గరగా ఉండే ఉదాహరణే ఒకటుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ నగరంలో పిగ్స్ ఐ అనే పాత చెత్తదిబ్బ ఉంది. అక్కడి మట్టిలో కాడ్మియం వంటి భారలోహాలు చేరాయి. కొన్ని మొక్కలు తమ వేళ్ల ద్వారా జింకు, కాడ్మియం లాంటి లోహాలను అసాధారణంగా ఎక్కువ మోతాదులో పీల్చుకుని ఆకుల్లో, కాండంలో నిల్వ చేసుకుంటాయి. ఆ మొక్కలను కోసి తీసేస్తే లోహం కూడా నేలలోంచి బయటికి వస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన రూఫస్ చేనీ అనే శాస్త్రవేత్త 1980లలోనే ఈ ఆలోచన చేశారు గాని, పొలంలో పరీక్షించే అవకాశం రాలేదు. మెల్ చిన్ అనే శిల్పి ఆయనను వెతుక్కుంటూ వెళ్లారు. ఇద్దరూ కలిసి 1991లో ఆ చెత్తదిబ్బ మీద చదరపు కంచె వేసి, దాని లోపల వలయాకారంలో మొక్కలు నాటారు. ఆల్పైన్ పెన్నీక్రెస్ అనే చిన్న మొక్క జింకును, కాడ్మియాన్ని గణనీయంగా పీల్చుకున్నట్టు పరీక్షల్లో తేలింది. ఈ కృతికి ‘రివైవల్ ఫీల్డ్’ అని పేరుపెట్టారు.

ఈ పనికి మంజూరైన ప్రభుత్వ కళా నిధిని, ఇది కళ ఎలా అవుతుందన్న అనుమానంతో ఆ నిధి ఇచ్చే సంస్థ అధిపతి 1990లో నిలిపివేశారు. చిన్ స్వయంగా వెళ్లి వాదించిన తరువాత నిధి విడుదలైంది. శిల్పి రాయిలో అక్కరలేని భాగాన్ని తొలగిస్తాడు. ఇక్కడ మట్టిలోని విషాన్ని మొక్క తొలగిస్తుంది కాబట్టి ఇదీ చెక్కడమేనని చిన్ వాదం. ఒక చిన్న చదరపు స్థలంలో చేసిన ప్రయోగం చెత్తదిబ్బనంతటినీ శుద్ధి చేయలేదు, అది దాని లక్ష్యమూ కాదు. శాస్త్రవేత్తకు దొరకని పొలాన్ని కళ సంపాదించి ఇచ్చింది; ఆ మేలును తక్కువ చేసి చూడకూడదు.

మీరు రెండవ భాగంలో అన్నట్టు, చూసి బాధపడేలా చేయడమే పనిగా పెట్టుకున్న కృతులూ ఉన్నాయి. కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్‌తో కలిసి గ్రీన్‌లాండ్ నుంచి మంచు దిమ్మెలను తెచ్చి, 2015 వాతావరణ సదస్సు సమయంలో పారిస్ నడివీధిలో కరగనిచ్చారు. జనం వాటిని తాకారు, చెవి ఆనించి లోపలి గాలి బుడగలు పగిలే చప్పుడు విన్నారు. ఆ అనుభవం లోతైనదే కావచ్చు, కానీ అక్కడ జనం చూసేవాళ్లుగానే మిగిలారు. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటే నేను చెత్తదిబ్బ మీది మొక్కనే ఎంచుకుంటాను.

ప్రశ్న: పదిమంది చేసిన పనికి పేరూ డబ్బూ ఒక్కరికే పోతున్నాయి కదా? పేదవాళ్ల బాధ పెద్దల గ్యాలరీలో అమ్ముడుపోతే దాన్ని ఎలా సమర్థిస్తారు? — ఒక పాఠకుడు, షార్జా

అన్నింటినీ సమర్థించను. బ్రెజిల్‌లో పుట్టిన విక్ మునీజ్, రియో డి జనీరో శివారులోని జార్దిమ్ గ్రామాషో చెత్తదిబ్బ మీద పనికొచ్చే వస్తువులు ఏరుకుని బతికేవారితో కలిసి, వాళ్ల రూపాలను విశాలమైన నేల మీద చెత్తతోనే పేర్పించి, పైనుంచి ఫొటోలు తీశారు. పనిచేసినవారికి కూలి ముట్టింది, చిత్రాలు అమ్మగా వచ్చిన సొమ్ము వాళ్ల సంఘానికి వెళ్లింది. ఇంత చేసినా చిత్రం కింద ఉండే పేరు మునీజ్‌దే. లాభం పంచుకోవడం ఒక ఎత్తు, కర్తృత్వం పంచుకోవడం మరొక ఎత్తు. రెండవది చాలా అరుదుగా జరుగుతుంది.

కర్తృత్వం విషయంలో మెరుగైన పద్ధతి క్రోషే పగడపు దిబ్బలది. ఆస్ట్రేలియాలో పుట్టిన మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ అనే అక్కచెల్లెళ్లు, వేడెక్కుతున్న సముద్రంలో తెల్లబారిపోతున్న పగడపు దిబ్బల కోసం 2005లో లాస్ ఏంజిలిస్‌లో ఈ అల్లిక మొదలుపెట్టారు. పగడాల అంచుల్లో కనిపించే ముడతల ఆకృతిని గణితంలో హైపర్బోలిక్ జ్యామితి అంటారు. దాన్ని ఊలుతో, కొక్కెం సూదితో అల్లి చూపవచ్చని 1997లో గణితవేత్త డైనా టైమినా నిరూపించారు. అల్లిక వచ్చిన ఆడవాళ్లు నగరం తరువాత నగరంలో తమ తమ దిబ్బలను అల్లారు, నియమాన్ని కొద్దిగా మార్చి కొత్త ఆకారాలు పుట్టించారు. ప్రదర్శించినప్పుడు అల్లినవారి పేర్లన్నీ రాసిపెట్టడం అక్కడ ఆనవాయితీ. అమ్మమ్మల చేతిపని అని పక్కన పెట్టే నైపుణ్యం గణితాన్నీ సముద్ర జీవశాస్త్రాన్నీ కలుపుకుని మ్యూజియంలోకి, తన పేరుతో సహా, వెళ్లింది.

పేర్లన్నీ ఉంటే సమస్యలన్నీ తీరిపోతాయని అనలేను. 2022లో పదిహేనవ డాక్యుమెంటా నిర్వహణ జకార్తాకు చెందిన రువాంగ్‌రూపా బృందానికి దక్కింది. ఊరుమ్మడి ధాన్యపు గాదె పద్ధతిలో నిధులను, నిర్ణయాలను బృందాల మధ్య పంచారు. అంతటి ఉదారమైన ఏర్పాటులోనే, టారింగ్ పాడి అనే ఇండోనేషియా బృందం చాలామంది చేతులతో 2002లో గీసిన ఒక భారీ తెరచిత్రంలో యూదులను ద్వేషపూరితంగా చూపిన బొమ్మలు బయటపడ్డాయి. ఒకప్పుడు బాయిస్ రాళ్లు పోయించిన మైదానంలోనే వేలాడిన ఆ చిత్రానికి ముందు ముసుగు వేసి, తరువాత దించేశారు. బృందం క్షమాపణ చెప్పింది. అందరూ గీసినది కాబట్టి ఎవరూ ప్రతి మూలనూ సరిచూడలేదన్న మాట సంజాయిషీ కాజాలదు. పేరు పంచుకునేవాళ్లు పూచీ కూడా పంచుకోవాలి.

ప్రశ్న: నేను మునిసిపాలిటీలో పారిశుద్ధ్య విభాగంలో పనిచేస్తాను. స్వచ్ఛత పేరుతో గోడల మీద చీపురు బొమ్మలు వేస్తారు, చీపురు పట్టినవాళ్లను ఎవరూ పలకరించరు. మా పనిని గౌరవించిన కళ ఎక్కడైనా ఉందా? — ఒక పాఠకురాలు, వరంగల్

ఉందమ్మా. న్యూయార్క్‌లో మియెర్లే లాడర్‌మన్ యూకెలిస్ అనే కళాకారిణి, బిడ్డ పుట్టిన తరువాత ఇంటి చాకిరీకీ కళకూ మధ్య నలిగిపోయి, ఊడ్చడం, కడగడం, బాగుచేయడం వంటి సంరక్షణ పనులే తన కళ అని 1969లో ప్రకటించారు. 1977 నుంచి నగర పారిశుద్ధ్య శాఖలో జీతం లేని ఆస్థాన కళాకారిణిగా చేరారు. 1979, 1980లలో నగరమంతా తిరిగి దాదాపు 8,500 మంది పారిశుద్ధ్య కార్మికుల్లో ఒక్కొక్కరికీ ఎదురుగా నిలబడి, కరచాలనం చేసి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పారు. జనం తమను చెత్తతో సమానంగా చూస్తారని వాళ్లు చెప్పుకున్న బాధను విన్నారు, నమోదు చేశారు.

కరచాలనంతో జీతం పెరగదు, చేతికి తొడుగులు రావు, మ్యాన్‌హోల్‌లో ప్రాణాలు పోవడం ఆగదు. మన దగ్గర ఆ పని ఏ కులాల మీద మోపారో తెలిసి కూడా కృతజ్ఞతతో సరిపెడితే అన్యాయమే. అయినా యూకెలిస్ పద్ధతిలో ఒక పాఠం ఉంది: గోడ మీద బొమ్మ వేయించే డబ్బూ సమయమూ ఉన్న అధికారులు, ముందుగా ఆ వీధి ఊడ్చేవారిని కూర్చోబెట్టి, ఆ గోడ మీద ఏముండాలో అడగవచ్చు. మీరు ఏమి కోరుకుంటారో మాకు రాయండి, ప్రచురిస్తాము.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా ఊరి చెరువు గుర్రపుడెక్కతో, ప్లాస్టిక్‌తో నిండిపోయింది. పిల్లలతో చెత్తసీసాల చేప బొమ్మ చేయించి గట్టు మీద నిలబెట్టాలనీ, గోడచిత్రాలు వేయించాలనీ ఉంది. సలహా ఇవ్వగలరా? — ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

మీ పూనిక చాలా సంతోషం కలిగించింది. చేప బొమ్మను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలవుతుంది, ఏడాది తిరిగేసరికి ఆ ముక్కలు చెరువులోకే చేరతాయి.

ముందు ఆ చెరువు ఎవరెవరిదో పిల్లలతో కనిపెట్టించండి. చేపల హక్కున్న మత్స్యకారుల సంఘం, ఆయకట్టు రైతులు, బట్టలు ఉతికే రజకులు, పశువులను కడిగేవాళ్లు, వీళ్లందరికీ ఒకే నీటితో వేర్వేరు అవసరాలున్నాయి. తరువాత బడి ఆవరణలో ముగ్గుపిండితో చెరువు పటాన్ని పెద్దగా వేయించండి. కట్ట, తూము, అలుగు, నీళ్లు వచ్చే వాగు, ఇళ్ల మురుగు కలిసే చోటు, అన్నీ రంగురంగుల ముగ్గుపిండితో గుర్తించాలి. పెద్దలను పిలిచి, ఆ ముగ్గు మీద నడిచి తప్పులు దిద్దమని అడగండి. పూర్వం నీరు ఎక్కడి దాకా వచ్చేదో, ఏ చేపలు దొరికేవో వాళ్లు చెబుతుంటే పిల్లలు అక్కడికక్కడే గీతలు మార్చాలి. మురుగులోని పోషకాలను తిని గుర్రపుడెక్క బలుస్తుంది కాబట్టి, మొక్కను ఎన్నిసార్లు పీకినా మురుగు ఆగనిదే అది మళ్లీ వస్తుందని ఆ పటం చూసినవారికి ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కరలేకుండానే అర్థమవుతుంది. పంచాయతీ సభ్యులను తప్పక పిలవండి. గోడచిత్రాలకు ఎనామెల్ రంగులు వద్దు. సున్నం, జాజు, మసి చాలు, నీటికి హాని ఉండదు.

మన నేల మీదే దీనికి ఒక గొప్ప ఆదర్శం ఉంది. తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు, ఎక్కువమంది దళిత రైతులు, సంక్రాంతి రోజుల నుంచి ‘పాత పంటల జాతర’ జరుపుతారు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాల విత్తనాలను ఊరూరా ఊరేగిస్తారు. ప్రతి ఊళ్లోనూ ఆగి, ఏ పంట ఎందుకు పోయిందో, తిరిగి ఎలా తేవాలో మాట్లాడుకుంటారు. ఆ సంఘాల మహిళలే కెమెరా పట్టి చిత్రాలు తీశారు, 2008లో సొంత రేడియో మొదలుపెట్టారు. వాళ్లకు గ్యాలరీ అక్కరలేకపోయింది. కార్యక్రమం ఎలా జరగాలో వాళ్లే నిర్ణయించుకున్నారు, అందుకే అది ఏటేటా సాగింది.

మీ ముగ్గు పటం కూడా వానలకు ముందు ఏటా వేస్తేనే ఉపయోగం. పాత పటాన్ని ఫొటో తీసి ఉంచితే, చెరువు బాగుపడిందో లేదో మరుసటి ఏడు పోల్చుకోవచ్చు. మీకు ఎప్పుడో ఒకప్పుడు బదిలీ తప్పదు కాబట్టి, మీ తరువాత ఈ పని చూసుకోవలసిన తోటి ఉపాధ్యాయులను, మత్స్యకారుల సంఘం పెద్దలను ఇప్పుడు జరిపే మొదటి సమావేశానికే పిలవండి.